ముందు అరలో పెట్టినవి

మా బాబా బండి ఎంత బరువు లాగగలదో నాకు తెలుసు. ఎంత బరువు మోయగలదో కూడా తెలుసు. ఈ రెండూ ఒకటి కావని ఇంకా బాగా తెలుసు. వంటింట్లో పడి ఉండేదానికి ఈ లెక్కలెందుకే తల్లీ అని మీరు అనవచ్చు. మొదట్లో నేనూ అట్లాగే అనుకున్నాను. అట్లా అనుకునే ఒక మనిషి బతుకు చెడగొట్టాను.

నేను మస్కట్ పక్కన అల్ మవాలేలో ఒక ఒమానీ కుటుంబానికి వంట చేస్తాను. తొమ్మిదేళ్లయింది. మాది కడప జిల్లా. పదో తరగతి దాకా చదివాను, ఆ మాత్రం చదువు ఉండబట్టే ఇది రాస్తున్నాను. ఇక్కడ ఇళ్లలో పనిచేసేవాళ్లం యజమానిని బాబా అనీ, ఇంటావిడను మామా అనీ పిలుస్తాం. మా బాబా చెడ్డవాడు కాదు. ఆ ముక్క ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ సంగతిలో చెడ్డవాళ్లు ఎవరైనా ఉంటే అది నేనే.

బాబా తల్లిది సూర్. సముద్రం ఒడ్డు ఊరు. ఆమెను మేం పెద్ద మామా అంటాం. ఆమెకు ఆ ఊరంటే ప్రాణం. కానీ అక్కడి ఇల్లు ఎప్పుడో అమ్ముడుపోయింది. అందుకని బాబా ఒక కారవాన్ కొన్నాడు. చక్రాల మీద ఇల్లు అనుకోండి. రెండు పడకలు, స్టవ్వు, ఫ్రిజ్జు, నీళ్ల ట్యాంకు. సెలవులొస్తే దాన్ని సూర్ దాకా లాక్కుపోయి, ఒడ్డున నిలబెట్టి, నాలుగు రోజులుండి వచ్చేవాళ్లు. వాళ్లకు వండిపెట్టడానికి నేనూ వెళ్లేదాన్ని.

మామూలు ట్రైలర్లను బండి వెనక కొక్కీకి తగిలిస్తారు. ఇది అట్లాంటిది కాదు. దీని ముక్కు ముందుకు పొడుచుకొచ్చి, పికప్ తొట్టి నడిమధ్యలో బిగించిన ఇనుప దిమ్మ మీద కూర్చుంటుంది. ఫిఫ్త్ వీల్ అంటారు దాన్ని. ఆ ముక్కు కింద తాళం వేసుకునే ఒక అర ఉంటుంది. కుర్చీలు, గ్యాసు బండ, వంట సామాను అందులోనే పెట్టేవాళ్లం. తాళంచెవి నా కొంగున ఉండేది. ఇంట్లో నా చేతికిచ్చిన తాళంచెవి అదొక్కటే, దాన్ని చూసుకుని కాస్త మురిసిపోయేదాన్ని కూడా.

బండి నడిపేది మా జిల్లావాడే, రాయచోటి వైపు సాయిబుల అబ్బాయి. అబ్బాయి అంటున్నాను గానీ ముప్పై అయిదేళ్లవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. పెళ్లాంబిడ్డలతో ఫోనులో వాళ్ల ఉర్దూ మాట మాట్లాడుకునేవాడు, నాతో మాత్రం మా సీమ తెలుగే. నన్ను అక్కా అనేవాడు. నెమ్మదస్తుడు. ఎవరైనా గొంతు పెంచితే తనే తగ్గిపోయే రకం. నా నోరు సంగతి మా ఊళ్లో అడిగితే చెబుతారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాది మంచిది కాదు.

కారవాన్ వచ్చిన కొత్తలో ఒకరోజు అతను వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, నేలచూపులు చూస్తూ అడిగాడు.

"అక్కా, ఏమనుకోగాకు. నీ బరువెంత?"

"ఏం, కాటాకేసి అమ్ముతావా?" అన్నాను.

పాపం, చెవులు ఎర్రబడ్డాయి. "అది కాదక్కా. నువ్వు గూడా బండ్లో కూసుంటావు గదా. లెక్క రాసుకోవల్ల" అని నన్ను బయటికి పిలిచి, డ్రైవర్ డోరు తెరిచి, లోపలి పక్క అంటించిన చీటీ చూపించాడు.

"బాబాకు అమ్మినోళ్లు ఈ బండి ఏడు టన్నులు లాగుతాదని చెప్పినారు. కారవాన్ నాలుగున్నర టన్నే, ఇంగేం భయమంటాడు బాబా. లాగేదానికి భయం ల్యా. మనం సూసుకోవాల్సింది ఈ చిన్న అక్షరాల్లో ఉండేది. మనుషులు, సామాన్లు అన్నీ కలిపి బండి మింద పడేది పదకొండొందల యాభై కిలోలు దాటగూడదంట."

"ఏడు టన్నులు లాగేదానికి వెయ్యి కిలోలు ఒక లెక్కనా?"

"లాగేది వేరు, మోసేది వేరక్కా. బియ్యం మూట ఈడ్సుకోని పోమ్మంటే పోతావు. అదే నెత్తిన పెడితే?"

"నడుం ఇరుగుతాది."

"అదే నేను చెప్పేది. ఇది ఎనకాల కట్టి ఈడ్సే రకం కాదు. దీని ముక్కు బండి నెత్తిన కూసుంటాది. మొత్తం బరువులో ఇంచుమించు అయిదో వంతు బండి మిందికే వస్తాది. ముందు అరలో నువ్వు ఏం పెట్టినా అది శానా మటుకు బండే మోయల్ల."

తర్వాత నన్ను బండెక్కించుకుని దగ్గర్లోని మబేలాలో పాత ఇనుము కొనేవాళ్ల కాటాకు తీసుకెళ్లాడు. నేను సీట్లో కూర్చుంటే తప్ప లెక్క సరిపోదట. ముందు బండిని ఒక్కదాన్నే తూచారు. తర్వాత సామానంతా సర్దిన కారవాన్‌ను తగిలించి, దాని చక్రాలు కాటా అవతల ఉండేటట్టు నిలబెట్టి, మళ్లీ బండిని తూచారు. రెండిటికీ తేడా ఎనిమిది వందల అరవై. అది కారవాన్ ముక్కు బరువు. తొట్టిలో ఇనుప దిమ్మ తొంభై అయిదు, అతను డెబ్భై రెండు, నేను అరవై ఎనిమిది. అరవై రెండని చెప్పి ఉన్నాను ముందు. కాటావాడి ముందు పరువు పోయింది. అతను మాత్రం నవ్వకుండా రాసుకున్నాడు.

మొత్తం వెయ్యిన్ని తొంభై అయిదు.

"యాభై అయిదు కిలోలు మిగిలినాయి" అన్నాను, నాకూ కూడికలొచ్చని తెలియాలి కదా.

"మిగిలింది మనది కాదక్కా. అది ఉంటేనే బండి మనల్ని క్షేమంగా దింపేది" అన్నాడు. ఆ యాభై అయిదును ఒక తెల్ల టేపు ముక్క మీద రాసి, స్టీరింగ్ పక్కన అంటించుకున్నాడు. ప్రతి ప్రయాణానికి ముందురోజు బండిని కాటాకు తీసుకుపోవడం, రాగానే "అక్కా, ఇంగేమన్నా పెట్టేది ఉండాదా?" అని అడగడం అతనికి అలవాటైంది. నమాజు తప్పేవాడేమో గానీ ఇది తప్పేవాడు కాదు.

ఇప్పుడు మా ఆడవాళ్ల సంగతి చెప్పాలి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు అంగడికి పోయే వీలుండదు. శుక్రవారం కూడా కొందరికి డ్యూటీనే. అందుకని ఎవరు ఎటు పోతున్నా వాళ్ల చేతికి మూటలివ్వడం మా వాడుక. మబేలాలో ఉన్నామె కొని పెడుతుంది, సూర్‌లో ఉన్నామె తీసుకుంటుంది, నడుమ పోయేవాళ్లు మోస్తారు. వద్దనడం ఉండదు. వద్దంటే ఆ మాట దేశం ఆ చివర సలాలా దాకా పాకుతుంది. సూర్‌లో మా జిల్లావాళ్లు, గోదావరి వైపు వాళ్లు కలిసి ఆరుగురున్నారు. మొదటిసారి నా చేతికొచ్చింది కిలో చింతపండు. రెండోసారి చింతపండుతో పాటు అయిదు కిలోల రాగిపిండి. సంగటి తిని ఏడాదైందని, తెప్పించుకున్నామె ఆ పిండిని ముద్దు పెట్టుకున్నంత పని చేసింది. ఆ తర్వాత ఎవరికి ఏం కావాలన్నా నాకే ఫోను. "సూర్ పోయే అక్క" అని పేరు పడింది నాకు. ఈ దేశంలో నన్ను పనిమనిషి అనకుండా ఇంకో పేరుతో పిలిచింది అప్పుడే. ఎంత సంతోషమేసిందో చెబితే సిగ్గుచేటు.

వేసవి మొదలైన రోజుల్లో, పండగ సెలవులకు ప్రయాణం కట్టారు. అంతకుముందు చాన్నాళ్లుగా సూర్ పోలేదు కాబట్టి మూటలు పేరుకుపోయాయి. ముందురోజు మధ్యాహ్నమే అతను కాటా వేయించుకొచ్చాడు. ఎనిమిది వందల అరవై, ఎప్పటిలాగే. సాయంత్రం అతను గదిలో స్నానం చేస్తుండగా మబేలా నుంచి ఒకామె, వాళ్ల ఇంటి కారు డ్రైవర్‌ను బతిమాలుకుని, సామానంతా గేటు దగ్గర దింపిపోయింది. నేనే ఒక్కొక్కటీ మోసుకెళ్లి ముందు అరలో సర్దాను.

ఏమేం పెట్టానో ఇప్పటికీ నిద్రలో అడిగినా చెప్పగలను. సోనా మసూరి బియ్యం ఇరవై కిలోల సంచులు మూడు. రాగిపిండి పాతిక. చెనిక్కాయలు ఇరవై. బెల్లం పన్నెండు. చింతపండు పది. ఊరగాయ జాడీలన్నీ కలిపి పద్దెనిమిది. దుప్పట్లూ బట్టలూ కుక్కిన అట్టపెట్టె నలభై. ఇంకొకామె ఇడ్లీలు లేక చచ్చిపోతున్నానని తెప్పించుకున్న రాతి గ్రైండర్ ముప్పై రెండు. ఆ గ్రైండర్‌ను ఎత్తేటప్పుడు నా నడుం కలుక్కుమంది. అప్పుడైనా నాకు బుద్ధి రావద్దా? మూట నెత్తిన పెడితే నడుం ఇరుగుతుందని చెప్పింది నా నోరే కదా. బుద్ధి రాలేదు. ఒక్కొక్కరిదీ ఇంతేగా, ఇంత పెద్ద బండికి ఇదొక లెక్కా అనుకుని తాళం వేశాను.

పొద్దున్నే అతను బండి చుట్టూ తిరిగి, వెనక చక్రాల దగ్గర వంగి చూశాడు.

"అక్కా, ఇంగేమన్నా పెట్టినావా?"

"వంట సామాను. అంతే."

బండెక్కబోయి మళ్లీ దిగాడు. ఇంకోసారి వెనక్కి పోయి చూసొచ్చాడు.

"బండి ఎనకాల కొంచెం కూసున్నట్టు ఉండాది. నిజంగా ఏం పెట్టలేదు గదా?"

ఇంతలో బాబా, మామా, పెద్ద మామా, వాళ్ల ఆరేళ్ల పాప, మా వెనకాల వాళ్లు వచ్చే కారు దగ్గరికొచ్చారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, దొరికిపోతానన్న భయంతో నోరు లేచింది.

"ఏమబ్బీ, ఎనిమిది నెలలనుంచి సూస్తాండా, పొద్దునే లేస్తే నా బరువు మిందనే నీ కన్ను. నేను లావైనాను, బండి కూసునింది. చాలునా? పోయి కాటాకేసి రా పో నన్ను."

ఆడమనిషి అట్లా అంటే ఆ మనిషి ఏం చేస్తాడు. "తప్పక్కా, తప్పు. నేను అట్ల అనలేదు" అని రెండు చేతులూ జోడించినంత పని చేసి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. దారిలో ఖురియాత్ ఊరు దాటేదాకా అద్దంలో కూడా నా వైపు చూడలేదు. నేను గెలిచాననుకుని వెనక సీట్లో సీసాలోని నీళ్లు తాగుతూ కూర్చున్నాను.

ఖురియాత్ దాటాక రోడ్డు కొండల్లో ఎక్కి దిగుతుంది. ఎండ అప్పటికే నిప్పులు చెరుగుతోంది. ఒక పెద్ద దిగుడులో వెనక ఎడమ టైరు పేలింది. ఆ చప్పుడుకు నా చేతిలో సీసా ఎగిరిపోయింది. బండి ఒక పక్కకు ఈడ్చుకుపోతోంది. వెనక కారవాన్ అటూ ఇటూ కొట్టుకుంటూ రోడ్డంచున ఇనుప కంచెను గీరుకుపోతోంది. అతను బ్రేకు మీద పడిపోలేదు. రెండు చేతులతో స్టీరింగ్‌ను పట్టుకుని, కల్మా చదువుకుంటూ, మెల్లగా, మెల్లగా దాన్ని ఆపాడు. ఆపాక చూస్తే అతని చేతులు స్టీరింగ్‌ను వదలడం లేదు.

వెనక్కి తిరిగి చూశాను. కారవాన్ ఒక పక్క రేకు మొత్తం చీరుకుపోయింది. దాని వెనకాలే, పది అడుగుల్లో, బాబా కారు ఆగి ఉంది. పాప అద్దానికి ముక్కు ఆనించి నన్నే చూస్తోంది. రోజూ నా చేతి ముద్దలు తినే పాప. కారవాన్ అడ్డం తిరిగి ఉంటే ఏమయ్యేదో అప్పుడు ఊహించుకున్నాను. ఇప్పటికీ ఊహించుకుంటూనే ఉంటాను.

పోలీసులొచ్చి అతన్ని కాగితాల కోసం తీసుకెళ్లారు. కారవాన్‌ను రికవరీ బండి మీద సూర్‌లో ఒక వర్క్‌షాపుకు చేర్చారు. ఫ్రిజ్జులోవి పాడైపోతాయి, వంట సామాను తీసి ఒక చోట పెట్టమని మామా నన్ను అక్కడికే పంపింది. అంతకంటే ఏం కావాలి నాకు. సూర్‌లో ఉన్న మా వాళ్లలో ఒకామెకు ఫోను చేశాను. ఆమె వాళ్ల ఇంటి డ్రైవర్‌తో వచ్చింది. అరగంటలో ముందు అర ఖాళీ చేశాం. బియ్యం బియ్యమామెకు, గ్రైండర్ గ్రైండరామెకు, ఎవరివి వాళ్లకు చేరిపోయాయి. ఒక్క జాడీ కూడా పగల్లేదు. రెండోరోజు మేం దిగిన చోటికి గ్రైండరామె నాకు ఇడ్లీలు పంపింది. దూది మాదిరి ఉన్నాయి. తిన్నాను. తినలేకపోయానని రాస్తే బాగుండేది గానీ, నాలుగు తిన్నాను.

వర్క్‌షాపులో టైరు చూసినవాడు బాబాతో ఒకే మాట చెప్పాడు: ఓవర్‌లోడ్. ఇంటికొచ్చిన తర్వాత బాబా అతన్ని హాల్లోకి పిలిపించాడు. నేను కహ్వా, అంటే వాళ్ల కాఫీ, ఫ్లాస్కు పట్టుకుని అక్కడే ఉన్నాను. మాతో బాబా అరబ్బీ కలిసిన హిందీలో మాట్లాడతాడు.

"నువ్వు ప్రతిసారీ తూచానన్నావు కదా?"

"తూచాను బాబా. ముందురోజే తూచాను. లెక్క సరిపోయింది."

"సరిపోతే టైరు ఎందుకు పేలింది?"

దానికి జవాబు నా దగ్గర ఉంది. అతను జేబులోంచి కాటా చీటీ తీసి, దాన్ని మళ్లీ చదివాడు. తన రాతను తనే అనుమానంగా చూసుకున్నాడు.

"బాబా, ఒక్కసారి మళ్లీ కాటాకేద్దాం. సామానంతా అప్పుడు ఎలా ఉందో అలాగే పెట్టి తూస్తే, నేను ఎక్కడ తప్పానో తెలుస్తుంది. ఒక్కసారి."

"ఖలాస్" అన్నాడు బాబా. గొంతు పెంచలేదు. "వెనక కారులో నా తల్లి ఉంది. నా బిడ్డ ఉంది. నువ్వు ఎక్కడ తప్పావో తెలుసుకోవడానికి మళ్లీ వాళ్లను కూర్చోబెట్టాలా?"

అప్పుడు అతను తలవంచుకుని, "నా లెక్కే తప్పై ఉంటుంది బాబా" అన్నాడు.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాను. ఖాళీ అయిన కప్పులో కహ్వా పోశాను. ఒక్క చుక్క కింద పడలేదు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఆ ఆరుగురు ఆడవాళ్లకు మాట వస్తుందని నోరు మూసుకున్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాలుగేళ్ల తర్వాత, ఆ మరుసటి నెలలో, ఊరికి పోవడానికి నాకు సెలవు రావాల్సి ఉంది. టికెట్ మాట మామా అప్పటికే ఎత్తింది. కొంగున తాళంచెవి ఉంది. అవి పోతాయని నోరు మూసుకున్నాను.

అతని వీసా కేన్సిల్ చేశారు. రెండు వారాల్లో వెళ్లిపోయాడు. పోయే రోజు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "అక్కా, నీకేమన్నా అయ్యింటే నేను బతికుండేవాణ్ని కాదు. నా లెక్క నమ్ముకోని ఎక్కినావు గదా" అన్నాడు. నా చేతుల్లో పిండి ఉంది. చేతులు కడుక్కునే నెపంతో కొళాయి తిప్పాను. కొళాయి చప్పుడు ఆగేసరికి అతను గేటు దాటిపోయాడు.

నేను సెలవుకు వెళ్లాను, వచ్చాను. రాయచోటి మా ఇంటికి రెండు గంటల దారి. పోలేదు. మూటలు మోయడం మానేశాను. నడుం నొప్పి అని చెప్పాను.

పదకొండు నెలలు గడిచాయి. కారవాన్‌కు కొత్త రేకులు వేయించి, రంగు కొట్టించి తెచ్చారు. కొత్త డ్రైవర్ కేరళాయన, వయసులో పెద్దవాడు, భారీ బండ్లు నడిపినవాడు. సూర్ ప్రయాణం అనగానే, "ఏడు టన్నులు లాగే బండి, దీనికి లెక్కలెందుకు" అన్నాడు హిందీలో. నేను చేస్తున్న పని వదిలేసి బయటికొచ్చాను. లాగేది వేరు, మోసేది వేరన్నాను. డోరు తెరిచి చీటీ చూపించాను. ముక్కు బరువు, ఇనుప దిమ్మ, ఆయన బరువు, నా బరువు, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన నన్ను వింతగా చూసి, "ఎవరు నేర్పించారమ్మా నీకు?" అన్నాడు. చెప్పలేదు. కాటాకు పోదాం పదండన్నాను.

సామాను నేనే సర్దాను, అతను ఉన్నప్పుడు ఏది ఎక్కడ ఉండేదో అక్కడే. కుర్చీలు, గ్యాసు బండ, వంట సామాను. మబేలాలో అదే కాటా. బండి ఒక్కటే తూచారు, కారవాన్ తగిలించి తూచారు. చీటీ నా చేతికిచ్చారు. తీసివేత నేనే చేశాను.

ఎనిమిది వందల అరవై అయిదు.

ఆ అయిదు కొత్త రేకులదో రంగుదో అయి ఉంటుంది. అతని లెక్క సరైనది. అది నాకు ముందునుంచీ తెలిసిందే, కానీ కాటా చీటీ మీద చూసేసరికి అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. కేరళాయన మంచినీళ్లిచ్చి, ఎండ దెబ్బ అనుకున్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, ఇంట్లో అందరూ పడుకున్నప్పుడు, బట్టలారేసే చోట నిలబడి అతనికి ఫోను చేశాను. నంబర్ నా ఫోనులో అట్లాగే ఉంది. గొంతు వినగానే సంతోషపడ్డాడు.

"అక్కా, బాగుండావా? పాప బాగుండాదా? పెద్ద మామా ఎట్లుండాది?"

అందరి మంచీ అడిగాడు. ఏం చేస్తున్నావన్నాను. టమాటా మండీలో ట్రేలు ఎత్తుతున్నానన్నాడు.

"బండి?"

"నడపడం ల్యా. మా బావమరిది లారీ కొన్న్యాడు, నువ్వే తోలు అని ఆరు నెలలనుంచి కాళ్లబేరం. నాకు ధైర్యం సాల్లేదక్కా. నా లెక్క మింద నాకే నమ్మకం పోయినాది. లోడు సూస్తే చాలు, ఎనక్కి తిరుక్కోని వచ్చేస్తాండా. నా పెండ్లాం గూడా చెప్పి చెప్పి ఊరుకునింది."

నేను పోగొట్టింది అతని ఉద్యోగం అనే అనుకుంటూ వచ్చాను పదకొండు నెలలూ. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుందిలే అని ఒక సాకు పెట్టుకుని ఉన్నాను. ఆ సాకు కూడా లేకుండా పోయింది. ఇక ఒక్క క్షణం ఆగితే మళ్లీ చెప్పలేనని తెలిసి, మొదలుపెట్టాను.

"బియ్యం ఇరవై కిలోలవి మూడు. రాగిపిండి పాతిక. చెనిక్కాయలు ఇరవై."

"ఏందక్కా అది?"

"బెల్లం పన్నెండు. చింతపండు పది. ఊరగాయ పద్దెనిమిది. బట్టలు నలభై. రాతి గ్రైండర్ ముప్పై రెండు. ఆపొద్దు ముందు అరలో పెట్టింటి. నువ్వు కాటా ఏసుకోనొచ్చినాక."

అవతల నోట్లోనే అంకెలు గొణుక్కుంటున్నాడు. కూడుకుంటున్నాడని నాకు అర్థమైంది.

"రెండొందల పదిహేడు" అన్నాడు చివరికి. "యాభై అయిదు తీసేస్తే నూట అరవై రెండు ఎక్కువ. అందులో ఆ ఎండ." మళ్లీ ఆగి, "అయితే నా లెక్క తప్పు కాదు" అన్నాడు.

"కాదు. మొన్న మళ్లీ తూపించినా. ఎనిమిదొందల అరవై అయిదు."

ఫోను పక్కన పెట్టిన చప్పుడైంది. దూరంగా వాళ్ల మాటలో భార్యతో ఏదో అంటున్నాడు. నా లెక్క సరిగ్గానే ఉండిందట అని రెండుసార్లు చెప్పడం నాకు తెలిసింది. ఆమె ఏడుస్తోంది. అతనూ ఏడుస్తున్నాడేమో తెలియదు. నేను ఆరేసిన బట్టల మధ్య నిలబడి, తిట్టించుకోవడానికి ఎదురుచూశాను. తిడితే బాగుండని మొక్కుకున్నాను కూడా.

అతను మళ్లీ ఫోను తీసుకున్నాడు. గొంతు మామూలుగా ఉంది.

"రెండుసార్లు అడిగితిని నిన్ను."

"అడిగినావు."

"బాబాతో చెప్పినావా?"

"ఇంగా లేదు."

"చెప్పు. నాకు మళ్లా ఆడికొచ్చే పనేం ల్యా. బావమరిది లారీ ఉండాది. నా వల్ల వాళ్లమ్మ, వాళ్ల పాప చచ్చిపోయేవాళ్లని ఆయన అనుకోగూడదు. అంతే నేనడిగేది."

"చెప్తా అబ్బీ. ఒట్టు" అన్నాను.

"ఉంటా" అని ఫోను పెట్టేశాడు. అక్కా అనలేదు.

ఇది జరిగి నెలన్నరయింది. సూర్ పోయి వచ్చాం కూడా. ముందు అరలో కుర్చీలు, గ్యాసు బండ, వంట సామాను తప్ప ఏమీ పెట్టలేదు. కేరళాయన మెచ్చుకుంటే బాబా నన్ను పిలిచి, బండి బరువు నాకు తెలిసినంత డ్రైవర్లకు కూడా తెలియదని అందరి ముందూ పొగిడాడు. పెద్ద మామా తన చేతి కంకణం సవరించుకుంటూ నవ్వింది. చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. నోరు తెరిచాను కూడా. ఇంకొంచెం కహ్వా పోయమంటారా అని అడిగాను.

రోజూ ఉదయం కహ్వా కాస్తూ ఈరోజు చెబుతాననుకుంటాను. ముందు కాగితం మీద పెడితే నోటికి వస్తుందేమోనని, మధ్యాహ్నాలు వంటింటి బల్ల మీద కూర్చుని కొంచెం కొంచెంగా ఇదంతా రాశాను. నిన్న బాబా నీళ్లకొచ్చి, ఏమిటి రాస్తున్నావని వంగి చూశాడు. కాగితాలు దాచలేదు. దాచాల్సిన అవసరం లేదు. ఆయనకు తెలుగు చదవడం రాదు.